ఖాళీ ఉన్నా 'నో స్పేస్' అంటోందా?

లినక్స్‌లో 'డీఎఫ్ -హెచ్' కమాండ్ కొడితే జీబీల కొద్దీ ఖాళీ కనిపిస్తోంది, ఫైల్ మాత్రం సేవ్ కావట్లేదా? 'డీఎఫ్ -ఐ' కొట్టి చూడండి. వాడకం 100 శాతం ఉంటే ఐనోడ్లు (ప్రతి ఫైల్‌కూ ఒకటి చొప్పున ఖర్చయ్యే రికార్డులు) అయిపోయినట్టే. సెషన్, క్యాష్, మెయిల్ క్యూ ఫోల్డర్లలో లక్షల చిన్న ఫైళ్లు పేరుకుని ఉంటాయి, వాటిని తీసేయాలి. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో (డిస్క్‌పై ఫైళ్లను అమర్చే పద్ధతి) ఐనోడ్ల లెక్క ఫార్మాట్ చేసేటప్పుడే ఖరారవుతుంది. పార్టిషన్ పెంచితే తప్ప పెరగదు.

దీనికి తిరగేసిన తిరకాసు ఇంకోటుంది: పెద్ద లాగ్ (ప్రోగ్రామ్ తన పనుల వివరాలు రాసుకునే ఫైల్) తీసేసినా ఒక్కోసారి ఖాళీ పెరగదు. దాన్ని తెరిచి పట్టుకున్న ప్రోగ్రామ్ ఇంకా నడుస్తోంది మరి! అదేదో 'సుడో ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1' చూపిస్తుంది (ఆప్షన్‌లోని ఎల్ పెద్దక్షరం). ఆ ప్రోగ్రామ్‌ను రీస్టార్ట్ చేస్తే చోటు తిరిగొస్తుంది. అసలు ప్రోగ్రామ్ ఇంకా రాస్తున్న లాగ్‌ను ఆర్ఎమ్ (డిలీట్ కమాండ్) చేయకండి. 'ట్రంకేట్ -ఎస్ 0' పక్కన ఫైల్ పేరిస్తే చాలు, ఫైల్ అలాగే ఉండి లోపలిది ఖాళీ అవుతుంది.