స్టార్ట్ మెనూ మొరాయిస్తే సెట్టింగ్స్ ఇలా తెరిచాను

పర్లాకిమిడిలో మా జిరాక్స్ షాపు కంప్యూటర్‌ది విండోస్ 10. స్టార్ట్ మెనూ తెరుచుకోవడం మానేసింది. బయట హాల్‌టికెట్ల కోసం పిల్లలు నిలబడ్డారు, ప్రింటరేమో ఆఫ్‌లైన్ అంటోంది. ఒకటే టెన్షన్.

విండోస్ కీ పట్టుకుని ఐ నొక్కితే సెట్టింగ్స్ వెంటనే వచ్చింది. ప్రింటర్ క్యూ తెరిచి, ‘యూజ్ ప్రింటర్ ఆఫ్‌లైన్’ దగ్గర టిక్ తీసేశాక కాగితాలు కదిలాయి.

ఇంకో దారి నాకు మరీ నచ్చింది. విండోస్ కీతో ఆర్ నొక్కి, వచ్చిన పెట్టెలో ఎంఎస్, హైఫన్, సెట్టింగ్స్, కోలన్, ప్రింటర్స్ అని ఖాళీ లేకుండా ఇంగ్లిష్‌లో కొడితే నేరుగా ప్రింటర్ల పేజీయే తెరుచుకుంటుంది. కోలన్ మరిచిపోవద్దు. మా వైపు కీబోర్డు తరచూ ఒడియాలో ఉంటుంది, ముందు విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి మార్చుకోండి.

స్టార్ట్ మెనూ సంగతంటారా, టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ను రీస్టార్ట్ చేస్తే తిరిగొచ్చింది.