మీ వంటగది మీరే గీసుకోండి – 3వ పాఠం: ఫోటోల కన్నా ముందు అడుగులు

పోయిన పాఠంలో టేపు పట్టి గోడలు, కిటికీ, నీళ్ళ పైపు, ప్లగ్ పాయింట్లు కొలిచి గళ్ళ కాగితం మీద గీసుకున్నాం. ఆ కాగితం, ఒక పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

ఈ వారం మాత్రం ఫోన్‌లో వంటగదుల ఫోటోలు చూడొద్దు. నా దగ్గరికి చాలామంది యాభై ఫోటోలు సేవ్ చేసుకుని వస్తారు. అన్నిట్లోనూ తెల్లటి గట్టు, దాని మీద ఒక పూలకుండీ, మూడు నిమ్మకాయలు. గ్రైండర్ ఉండదు, ఆవకాయ జాడీ ఉండదు, పాతిక కిలోల బియ్యం బస్తా అసలే ఉండదు. అక్కడ ఎవరూ వండరు. మీకు కావలసిన ఐడియాలన్నీ మీ ఇంట్లో వండే మనిషి నడకలో ఉన్నాయి.

వండే పనిని చూసి వంటగది గీసే ఈ పద్ధతి నాది కాదు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొత్తగా కడుతున్న ఇళ్ళకు మార్గరెటె ష్యూటె-లిహోట్‌స్కీ అనే ఆర్కిటెక్టు వంటగది గీసింది. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు, అంతే. ఏ పనికి ఎంతసేపు పడుతోందో గడియారం పెట్టి చూసింది. రైళ్ళలో భోజనాల బోగీకి ఉండే ఇరుకు వంటగదిని నమూనాగా తీసుకుంది. బియ్యానికి, పంచదారకు పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు పెట్టింది. అలాంటివి దాదాపు పదివేలు కట్టారు. తమాషా ఏమిటంటే, అప్పటికి ఆవిడకు వంటే రాదట! ఆ మాట ఆవిడే చెప్పుకుంది. వంట రాకపోయినా ఫర్వాలేదు, చూడటం రావాలి.

ఎలా చూడాలో ఒక ఇంటి సంగతి చెబుతాను. పొద్దున ఆరున్నరకు ఆ వంటగది మూల స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆ ఇంటావిడ పప్పు దించి, మూకుడు పెట్టి నూనె పోశారు. ఆవాలు చిటపటమన్నాయి. ఎండుమిర్చి పోపుల పెట్టెలోనే ఉంది, సరే. కరివేపాకు ఫ్రిజ్‌లో ఉంది. ఫ్రిజ్ హాల్లో ఉంది. తొమ్మిది అడుగులు వెళ్ళి, తొమ్మిది అడుగులు వచ్చేసరికి పోపు మాడింది. ఆవిడ విసుక్కుంటూ మూకుడు సింకులో పెట్టి, ఇంకోటి తీశారు. ఆ ఇంటి ప్లాన్ నాకు అక్కడే దొరికింది. ఫ్రిజ్ వంటగది గుమ్మం పక్కకు వచ్చింది, స్టవ్‌కు కుడిచేతి వైపు పోపుల పెట్టెకు లోతు తక్కువ సొరుగు వచ్చింది. మిగతాదంతా వాటి చుట్టూ సర్దుకుంది.

మీరూ అలాగే ఒక పూట కూర్చోండి. వండేవాళ్ళు కదిలినప్పుడల్లా ప్లాన్ మీద ఇక్కడి నుంచి అక్కడికి ఒక గీత గీయండి. టిఫిన్ అయ్యేసరికి కాగితం సాలెగూడులా తయారవుతుంది. గీతలు నల్లగా ముద్దకట్టిన దారిని ముందు తగ్గించాలి. స్టవ్, సింకు, ఫ్రిజ్‌లను కలిపితే వచ్చే త్రికోణం చుట్టుకొలత 13 నుంచి 26 అడుగుల మధ్య ఉండాలని అమెరికాలో 1940ల నుంచి ఒక లెక్క ఉంది. (అవి టేపు అడుగులు, కాలి అడుగులు కావు.) మన అపార్ట్‌మెంట్లలో 26 దాటడం అరుదు. మనకు ఇబ్బంది వేరే చోట, సింకు పక్కనే స్టవ్ పెట్టేయడంతో వస్తుంది. రెండింటి మధ్య కనీసం 2 అడుగుల గట్టు వదలండి. లేకపోతే కూరలు తరిగే చోటు ఉండదు, చపాతీల పీట స్టవ్ మీదికి ఎక్కుతుంది.

ఇక గట్టు ఎత్తు. ఇందులో నేనే దెబ్బ తిన్నాను. కొత్తలో విదేశీ క్యాటలాగ్ చూసి 36 అంగుళాలు పెట్టించాను. ఆ ఇంటావిడ ఎత్తు అయిదడుగులు కూడా లేదు. నెల తర్వాత వెళ్తే కింద పీట వేసుకుని, దాని మీద నిలబడి గరిటె తిప్పుతున్నారు. గ్రానైట్ వేసేశాక చేసేదేముంది! అప్పటి నుంచి ముందు మోచేయి కొలుస్తున్నాను. నిటారుగా నిలబడి మోచేయి మడిస్తే నేల నుంచి ఎంత వస్తుందో చూసి, అందులో 4, 5 అంగుళాలు తీసేయండి. తరిగే గట్టు ఎత్తు అదే. అయిదడుగుల మనిషికి సుమారు 33 వస్తుంది. గట్టు మీద పెట్టుకునే స్టవ్ అయితే దాని ఎత్తు కూడా కలుస్తుంది కాబట్టి అక్కడ ఇంకో 3 అంగుళాలు దించితే మేలు. సింకు దగ్గర దించొద్దు, దాని అడుగు ఎలాగూ లోతుగానే ఉంటుంది. నడుం నొప్పి మొదలయ్యేది అక్కడే.

ట్రెండ్స్ సంగతి ఏమిటని అడుగుతారు. స్క్రూడ్రైవర్‌తో విప్పగలిగిన వాటిలో మీ ఇష్టం. తలుపుల రంగు, హ్యాండిళ్ళు, లైట్లు అయిదేళ్ళకోసారి మార్చుకోవచ్చు. గట్టు, పైపులు, చిమ్నీ గొట్టం విషయంలో మాత్రం ఫ్యాషన్ జోలికి పోవద్దు. తెల్ల క్వార్ట్జ్ (రాతి పొడిని అతికించి చేసే పలక) అందంగానే ఉంటుంది, కానీ అందులో రెజిన్ అనే ప్లాస్టిక్ లాంటి జిగురు ఉంటుంది, బాగా కాలిన మూకుడు దించితే మచ్చ పడుతుంది. పసుపు మరక సంగతి సరేసరి. మన చీమకుర్తి నల్ల గ్రానైట్, బ్లాక్ గెలాక్సీ, ఇవన్నీ భరిస్తుంది. హ్యాండిల్ లేని సొరుగుల గాడిలో నూనె జిడ్డు పేరుకుంటుంది, తుడిచే ఓపిక ఉంటేనే తీసుకోండి.

వచ్చే పాఠానికి ఈ మూడూ సిద్ధంగా ఉంచుకోండి: గీతలు గీసిన ప్లాన్, వండేవాళ్ళందరి మోచేతి కొలతలు, మీ గిన్నెల్లో అన్నిటికన్నా పెద్దదాని వెడల్పు. ఇడ్లీ కుక్కర్ కొలవడం మర్చిపోవద్దు. సొరుగుల లెక్క దానితోనే మొదలుపెడతాం.