కారు బాడీ తుప్పుకి రేకు అతుకు వెయ్యడం: లప్పంతో కప్పెయ్యకండి

పెయింట్ మీద బుడగలు లేచాయంటే తుప్పు ఇప్పుడే మొదలైందని కాదు, లోపల్నుంచి తినుకుంటూ తినుకుంటూ బయటికి తేలిందని. మన బెజవాడలో 2024 సెప్టెంబర్ బుడమేరు వరదకి సింగ్ నగర్‌లో బళ్ళు ఎలా మునిగాయో చూశాం కదా, అలాంటి బండికి డోర్ అడుగున, రన్నింగ్ బోర్డ్ లోపల బురద చేరి హోల్స్ మూసుకుపోతే నీళ్ళు బయటికి పోయే దారే ఉండదు. దాని మీద లప్పం రాసి పెయింట్ కొట్టేస్తే కొన్నాళ్ళు బాగానే ఉంటుంది, లప్పం తేమ పీల్చుకుంటుంది కాబట్టి కింద రేకు ఇంకా తొందరగా పోతుంది. ఆ రేకు కోసి కొత్తది అతకాల్సిందే.

ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. లోపల కార్పెట్, స్పాంజ్, వైరింగ్ పక్కకి లాగేయండి, పెట్రోల్ ట్యాంక్, పైపుల దగ్గర్లో అయితే అవి దించకుండా వెల్డింగ్ టార్చ్ ముట్టుకోవద్దు. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా ఉండాలి, ఎందుకంటే మీరు ఇటు వెల్డింగ్ చేస్తుంటే అటు వెనక బ్లాక్ కోటింగ్ అంటుకుంటుంది, మీకు కనపడదు.

స్క్రూడ్రైవర్‌తో పొడుస్తూ పోండి, దిగినంత మేరా పోయిన రేకే. గట్టి రేకు వచ్చాక ఇంకో అంగుళం అవతలికి కొయ్యండి, మూలలు గుండ్రంగా ఉంచండి. ఆకారం తీసుకోడానికి పాత పెళ్లి కార్డు అట్ట చాలు. అతుకుకి సీఆర్ షీట్ (పూత లేని మామూలు ఇనుప రేకు) 20 గేజ్, అంటే దాదాపు 0.9 మిల్లీమీటర్లు, పల్చటి బాడీ అయితే 22 గేజ్. జీఐ రేకు, అంటే జింక్ పూత ఉన్నది వద్దు, వెల్డింగ్‌లో వచ్చే జింక్ పొగ పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. కొత్త కార్లకి బాడీ రేకుకే జింక్ పూత ఉంటుంది కాబట్టి అంచుల్లో రెండు వైపులా గ్రైండ్ చేసి, మాస్క్ పెట్టుకుని, గాలి ఆడే చోట చెయ్యండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచి వెల్డింగ్ చేస్తే వచ్చేది విషవాయువు, దాన్ని అసలు వాడొద్దు.

ఆర్క్ వెల్డింగ్ ఈ రేకుకి పనికిరాదు, బొక్కలు పడిపోతాయి. సీఓటూ వెల్డింగ్ మెషీన్, 0.6 లేదా 0.8 మిల్లీమీటర్ల వైర్, గ్యాస్ ఆర్గాన్ కలిపింది దొరికితే మంచిది. ముందు అదే మందం ముక్క మీద సెట్టింగ్ చూసుకోండి, తెగకుండా చిటపటమని ఒకే చప్పుడు రావాలి, వైర్ మీ చేతిని వెనక్కి నెడుతుంటే వైర్ స్పీడ్ ఎక్కువైనట్టు. ఎండాకాలం ఆటోనగర్ షెడ్డులో ఫ్యాన్ లేకుండా ఉండలేం, కానీ అది టార్చ్ మీదకి తిప్పితే గ్యాస్ ఎగిరిపోయి వెల్డింగ్ అంతా చిల్లులే.

అతుకుకీ బాడీకీ మధ్య వైర్ మందం అంత సందు వదిలి మ్యాగ్నెట్లతో పట్టించండి. ఇక్కడే ఓపిక కావాలి. మూలల్లో ఒక్కో వెల్డింగ్ డాట్, తర్వాత ఎదురెదురు వైపుల మధ్యలో, అలా అంగుళానికో డాట్ వచ్చేదాకా ఒక్కోటి ఒక సెకను, అంతే. చెయ్యి ఆనించగలిగేంత చల్లారాకే పక్కది వెయ్యండి, నీళ్ళు చల్లొద్దు. తర్వాత డాట్ల మధ్య సందులు కూడా ఇలాగే ఒక్కో డాట్‌తో నింపుకుంటూ పోండి. గీత లాగినట్టు ఒకేసారి లాగారా, రేకు అలలు తేలిపోతుంది, దాన్ని మళ్ళీ చదును చెయ్యడం నరకం. బొక్క పడే చోట ఏసీ రాగి గొట్టం చితక్కొట్టి వెనక ఆనించండి, వెల్డింగ్ రాగికి అంటదు. చల్లారే కొద్దీ అతుకు లోపలికి గుంజుకుంటుంది కాబట్టి వెనక డాలీ (చేత్తో పట్టుకునే ఇనుప దిమ్మ) పెట్టి ఆ వెల్డింగ్ గీత మీద సుత్తితో మెల్లగా తట్టండి.

ఫ్లాప్ డిస్క్‌తో (గ్రైండర్‌కి పెట్టే గరుకు కాగితం రేకుల చక్రం) గ్రైండ్ చేసేటప్పుడు రేకు నీలం తిరిగితే ఆపండి. పని ముగిసిన రోజే ఎపాక్సీ ప్రైమర్ కొట్టెయ్యాలి, వానాకాలంలో వట్టి రేకు తెల్లారేసరికే ఎర్రబడుతుంది. దాని మీద అతుకు సందుల్లోకి నీళ్ళు పోకుండా సీమ్ సీలర్ పేస్టు, ఆ తర్వాతే పల్చగా లప్పం.

రూఫ్‌ని మోసే పిల్లర్లు, చాసిస్ బీములు, సీటు బెల్టు బోల్టు ఉండే చోట్లు మాత్రం ఇలా ముట్టుకోవద్దు, వాటి స్టీల్ వేరు, వేడికి బలం పోతుంది, యాక్సిడెంట్‌లో మనల్ని కాపాడేవి అవే. కంపెనీ రిపేర్ పద్ధతి తెలిసిన బాడీ షాపుకి ఇవ్వండి.

చివరగా డోర్ అద్దం సందులోంచి చెంబుడు నీళ్ళు పోసి చూడండి, అడుగు హోల్స్‌లోంచి మొత్తం కారిపోవాలి. పూర్తిగా ఆరాక పొడవు నాజిల్‌తో క్యావిటీ వ్యాక్స్ (లోపల తుప్పు పట్టకుండా కొట్టే మైనం స్ప్రే) లోపల కొట్టి, కారడం ఆగాక ఆ హోల్స్‌ని ఒకసారి తీగతో పొడిచి తెరవండి, వ్యాక్స్ వాటిని కూడా మూసేస్తుంది.