చైన్‌సా పాఠాలు 6: ఆ పందెంలో గెలిచింది గొలుసు

పోయిన పాఠం చివర ఒక చిన్న పని ఇచ్చాను. 50 సీసీ మిషన్ (చైన్‌సా, అంటే పళ్ల గొలుసు తిరిగి చెక్క కోసే ఇంజిన్ రంపం) ఒకటి, 60 సీసీ మిషన్ ఒకటి తీసుకుని, ఒకే దుంగ మీద కోసి, ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోమన్నాను. ఈ వారం ఏ మిషన్ ఎన్నాళ్లు మొరాయించకుండా పనిచేస్తుందో చెప్పాలనుకున్నాను. మీ అంకెలు చూశాక సగం పాఠం వెనక్కి వెళ్లక తప్పడం లేదు.

ఉప్పల్ వైపు ఒకాయన చింత దుంగ మీద చేశారు. 50 సీసీకి 11 సెకన్లు, 60 సీసీకి 19. కింద ఒకే వాక్యం: "పెద్దది అమ్మేస్తున్నాను." అయ్యా, ఆగండి. ఇంకొకరు నిద్రగన్నేరు కొమ్మ కోసి రెండూ సమానమన్నారు. జానెడు మందం లేని మెత్తటి కొమ్మ మీద ఏ మిషనైనా సమానమే, కూరగాయల కత్తితో కత్తుల పోటీ పెట్టినట్టు. మరొకరు చిన్నదానికి వేప, పెద్దదానికి తుమ్మ ఇచ్చారు. ఆయనకు జవాబు రాయలేదు.

కొంత తప్పు నాదే. గొలుసు సంగతి అందరికీ తెలుసనుకుని వదిలేశాను.

ఉప్పల్ ఆయన్ని రెండు మిషన్ల కింద పడిన పొట్టు ఫొటో తీసి పంపమన్నాను. 50 సీసీ కింద అటుకుల్లా రేకులు రేకులుగా ఉంది. 60 సీసీ కింద పసుపు పొడిలా మెత్తగా ఉంది. ఇక మిషన్ చూడాల్సిన పనే లేదు. చిన్నదానికి పెట్టెలోంచి తీసిన కొత్త గొలుసు ఉంది, పెద్దదానికి గేటు పక్కన మట్టిలో పడ్డ కొమ్మలు కోసిన పాత గొలుసు ఉంది. ఆయన పోల్చింది రెండు గొలుసులను. మిషన్లు ఊరికే వాటిని తిప్పి పెట్టాయి.

కాబట్టి ముందు గొలుసులు సమానం చేయండి. పదును పెట్టడం మూడో పాఠంలో చెప్పాను కాబట్టి కొలతలు మాత్రం గుర్తు చేస్తాను. .325 పిచ్ (గొలుసు కొలత, అంగుళాల్లో; కింద చెబుతాను) గొలుసుకు 4.8 మి.మీ. గుండ్రటి ఆకురాయి. 3/8కు 5.2 లేదా 5.5, గొలుసు పెట్టె మీద ఏది రాసి ఉంటే అది. కోణం 30 డిగ్రీలు. ప్రతి పంటికీ ఒకే లెక్కన రుద్దులు, కుడి పళ్లకు ఆరు, ఎడమ పళ్లకు మూడు కాకుండా. చాలామంది ఒక వైపు పళ్లు ఎక్కువ అరగదీస్తారు. అప్పుడు కోత చంద్రవంకలా ఒక పక్కకు తిరుగుతుంది, తిట్టు మాత్రం మిషన్‌కు పడుతుంది.

ఇక్కడ ఎక్కువ మంది మరిచేది డెప్త్ గేజ్. పంటి ముందు ఉండే ఆ చిన్న మూపురమే. పన్ను ఎంత చెక్క తినాలో అది నిర్ణయిస్తుంది. మామూలుగా పంటి అంచుకంటే 0.65 మి.మీ. కిందకు ఉండాలి. పంటిని పదిసార్లు ఆకురాయి పట్టి మూపురాన్ని ముట్టుకోకపోతే, పన్ను అరిగి మూపురం దాని ఎత్తుకు వచ్చేస్తుంది. పన్ను బ్లేడులా మెరుస్తుంటుంది, చెక్క మాత్రం తెగదు. మా దగ్గర మిషన్ పట్టే కుర్రాడు ఏడాదిపాటు ఇదే పాట పాడాడు: "అన్నా, ఈ మిషన్ గుంజుతలేదే!" ఒకరోజు బల్లపరుపు ఆకురాయితో ఆ మూపురాలను సరిచేసి చేతికిచ్చాను. ఇంజిన్ మార్చానా అని అడిగాడు. ఎక్కువ అరగదీస్తే మాత్రం గొలుసు ముక్క పెద్దది కొరికి మిషన్‌ను ముందుకు లాగుతుంది, చేతులు అదిరిపోతాయి, వెనక్కి తన్నే ప్రమాదమూ పెరుగుతుంది. ఆ ఎత్తు కొలిచే గేజ్ రేకు కొనుక్కోండి. కంటితో అంచనా వేయకండి, నేను కూడా వేయను.

తర్వాత పిచ్. వరుసగా మూడు రివెట్ల దూరాన్ని సగం చేస్తే వచ్చేది పిచ్. 3/8 అంటే 9.525 మి.మీ., .325 అంటే 8.255 మి.మీ. గొలుసును తిప్పే పళ్ల చక్రం, అంటే స్ప్రాకెట్‌కు 7 పళ్లు ఉంటే, ఇంజిన్ ఒక చుట్టు తిరిగినప్పుడు 14 పిచ్‌ల గొలుసు ముందుకు వెళ్తుంది. అంటే 3/8కు సుమారు 133 మి.మీ., .325కు 116. నిమిషానికి 10,000 చుట్ల దగ్గర ఒకటి సెకనుకు 22 మీటర్లు, రెండోది 19 మీటర్లు పరుగెత్తుతాయి. ఇంజిన్ సంగతి ఇంకా మాట్లాడనే లేదు, 15 శాతం తేడా వచ్చేసింది. "అయితే 50 సీసీకి 3/8 తగిలిస్తే సరి కదా" అని అడగబోతున్నారు. గాలిలో తిరిగేటప్పుడు సరే. దుంగలో దిగాక ఆ వేగాన్ని నిలబెట్టే బలం కావాలి. చేవ ఉన్న చింతలో చిన్న ఇంజిన్ చుట్లు పడిపోయి ఏడుస్తుంది. అందుకే 50 సీసీ తరగతికి .325, 60 సీసీకి 3/8 ఎక్కువగా కనిపిస్తాయి.

పళ్ల ఆకారం కూడా చూసుకోండి. మూల చదరంగా ఉండే ఫుల్ చిజిల్ శుభ్రమైన చెక్కలో వేగంగా పోతుంది. మూల గుండ్రంగా ఉండే సెమీ చిజిల్ కొంచెం నెమ్మది, కానీ దుమ్ములో ఎక్కువసేపు నిలుస్తుంది. హైదరాబాద్ రోడ్డు పక్క వేప చెట్టులో చెక్క కంటే మేకులు ఎక్కువ. ట్యూషన్ బోర్డు మేకు, ఫ్లెక్సీ తీగ, కేబుల్ వాళ్ల కొక్కెం. నేను నగరంలో సెమీ చిజిల్ తప్ప వాడను. పోలికలో మాత్రం రెండింటికీ ఒకే రకం పెట్టండి.

కంపెనీలు కాగితం మీద ఇచ్చే అంకెలకు రెండు మాటలు చాలు. స్టిల్ ఎంఎస్ 261: 50.2 సీసీ, 3.0 కిలోవాట్లు, 4.9 కిలోలు. హస్క్వర్నా 550 ఎక్స్‌పీ మార్క్ 2: 50.1 సీసీ, 3.0 కిలోవాట్లు, 5.3 కిలోలు. 60 సీసీ తరగతిలో హస్క్వర్నా 562 ఎక్స్‌పీ 59.8 సీసీ, 3.5 కిలోవాట్లు. ఆ బరువుల్లో బార్ (గొలుసు చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ), గొలుసు, పెట్రోలు ఉండవు. 50 నుంచి 60కి వెళ్తే బలం ఆరో వంతు పెరుగుతుంది, అంతే. 11కు 19 లాంటి తేడా వస్తే, అది ఎటువైపు వచ్చినా, గొలుసునే అనుమానించండి. సీసీ స్టిక్కర్‌ను గుడ్డిగా నమ్మకండి. సిలిండర్ వ్యాసం, స్ట్రోక్ తెలిస్తే మీరే లెక్క కట్టొచ్చు: వ్యాసం సెం.మీ.లో తీసుకుని వర్గం చేసి, 0.7854తో, స్ట్రోక్‌తో గుణించండి. 261కి 4.47, 3.2 పెట్టి చూడండి, 50.2 వస్తుంది. రాణిగంజ్‌లో చవగ్గా దొరికే పేరులేని మిషన్ల మీదా ఇదే లెక్క వేయండి, సరదాగా ఉంటుంది.

ఇప్పుడు నమ్మకం, అంటే మిషన్ ఎన్నాళ్లు మొరాయించకుండా పనిచేస్తుందన్నది. దీన్ని స్టాప్‌వాచ్‌తో కొలవలేం. మన ఊళ్లో మిషన్‌ను చంపేవి మూడు: నిల్వ పెట్రోలు, దుమ్ము, ఎండ.

ఏప్రిల్, మే గాలివానలకు కాలనీల్లో చెట్లు పడ్డప్పుడు అందరూ మిషన్ బయటికి తీస్తారు. తర్వాత ట్యాంకులో పెట్రోలుతోనే మూలన పెడతారు. ఇప్పుడు బంకుల్లో మామూలుగా దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ అనే ఆల్కహాల్ ఉంటోంది. హస్క్వర్నా మాన్యువళ్లు 10 శాతం దాటొద్దంటాయి. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది, పెట్రోలును గాలితో కలిపే కార్బ్యురేటర్‌లోని రబ్బరు పొరను, పెట్రోలు గొట్టాన్ని పాడుచేస్తుంది. దానిలో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మిశ్రమం పలచనవుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. ఒక వేసవిలో నా మిషన్ పిస్టన్ ఇలాగే పట్టేసింది. రిపేరుకు ఇస్తే ఒక షాపువాళ్లు డూప్లికేట్ పిస్టన్ వేసిచ్చారు, రెండు నెలలకు అదీ పోయింది. అప్పటినుంచి పాత సామాను వెనక్కి ఇవ్వమని, కొత్తది నా ముందే పెట్టె విప్పమని అడుగుతున్నాను.

నాకు స్క్రూడ్రైవర్‌తో తిప్పుకునే కార్బ్యురేటర్ అంటే ఇష్టం. స్టిల్ ఎం-ట్రానిక్, హస్క్వర్నా ఆటోట్యూన్ మిశ్రమాన్ని తామే సర్దుకుంటాయి. చెడితే మాత్రం కంపెనీ కేబుల్ ఉన్న మెకానిక్ దగ్గరికే వెళ్లాలి. అయినా 42 డిగ్రీల ఎండలో గాలి 20 డిగ్రీలప్పటి కంటే ఏడు శాతం పలచన, దాని మీద ఈ పెట్రోలు. స్క్రూ సర్దడానికి బద్ధకించేవాళ్లకు ఆటోమేటిక్కే మేలు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

పాత మిషన్ కొనేటప్పుడు సైలెన్సర్ విప్పండి. కొన్ని మరలే ఉంటాయి. లోపల పిస్టన్ కనిపిస్తుంది. నిలువు గీతలుంటే, అమ్మేవాడు చాయ్ ఇచ్చినా తాగి లేచి రండి.

ఈ వారం పని కొంచెం కష్టమే. అడితిలో అడిగి, బారెడు పొడవు, అడుగు మందం ఉన్న తుమ్మ లేదా చింత దుంగ ఒకటి సంపాదించండి. చెట్టు మాత్రం కొట్టకండి, వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. రెండు గొలుసులకూ ఒకే చేత్తో, ఒకే రోజు పదును పెట్టండి. ట్యాంకులు నిండుగా, ఇంజిన్లు వేడిగా ఉండాలి. ఒకటి, రెండు, ఒకటి, రెండు అని మార్చి మార్చి మొత్తం పన్నెండు కోతలు కోయండి, ఎందుకంటే దుంగ మొదలు దగ్గర ఒకలా, చివర ఒకలా ఉంటుంది. మీద పడి నొక్కకండి, దాని బరువుకు దాన్నే దిగనివ్వండి. కణుపు తగిలిన కోత కొట్టేయండి. ప్రతి మిషన్‌కు మిగిలిన వాటిలో మధ్య అంకె తీసుకోండి, తక్కువది కాదు.

కోతలయ్యాక రెండూ ఆపి ఎండలో పది నిమిషాలు ఉంచి, మళ్లీ స్టార్ట్ చేయండి. ఎన్ని లాగులకు పలికిందో సెకన్ల పక్కనే రాయండి. గాలి ఫిల్టర్ విప్పి, లోపలి వైపు తెల్లటి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ ఫొటో కూడా పంపండి. పొట్టు ఫొటో లేని అంకెలు ఈసారి చూడను.