విమాన హైడ్రాలిక్ గొట్టాలు విప్పే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 వంటి విమానాల హైడ్రాలిక్ వ్యవస్థలు (ద్రవ పీడనంతో విమాన భాగాలను కదిలించేవి) చదరపు అంగుళానికి సుమారు 3000 పౌండ్ల పీడనంతో పనిచేస్తాయి కనుక, పంపులు ఆపి, పీడనం పూర్తిగా దిగిందని గేజీలో చూసుకున్న తరువాతనే స్పానర్ పట్టుకోవాలి. పంపు ఆగినా, పీడనాన్ని నిల్వ ఉంచే పాత్ర అయిన అక్యుములేటర్‌లోని నైట్రోజన్ పీడనాన్ని నిలిపి ఉంచుతుందన్న సంగతి మరువరాదు. ల్యాండింగ్ గేర్‌కు (చక్రాల అమరికకు) అది ముడుచుకోకుండా ఆపే లాక్ పిన్నులు పెట్టారా, రెక్కల అంచున కదిలే ఫ్లాపుల దగ్గర, గేర్ తలుపుల దగ్గర ఎవరైనా ఉన్నారా అన్నది స్వయంగా వెళ్లి చూడాలి. ఒకరు చెప్పగా విన్నది చాలదు.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ ద్రవం విషయంలో అవసరం. పెద్ద ప్రయాణికుల జెట్ విమానాలలో సాధారణంగా వాడే ఊదారంగు ఫాస్ఫేట్ ఎస్టర్ ద్రవాన్ని, చాలా చిన్న విమానాలలో వాడే ఎర్రని ఖనిజ నూనెను ఎన్నడూ కలపరాదు. ఒకదానికి తగిన రబ్బరు సీలు మరొకదానిలో ఉబ్బి, మెత్తబడి పాడవుతుంది. ద్రవం కారడం అక్కడే మొదలవుతుంది. డబ్బా మీది స్పెసిఫికేషన్ చదవకుండా రంగును మాత్రమే నమ్మి పోయడం పెద్ద తప్పు. ఫాస్ఫేట్ ఎస్టర్ కళ్లను, చర్మాన్ని తీవ్రంగా మండిస్తుంది కాబట్టి చేతి తొడుగులు, రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి.

కారుతున్న చోటును చేతితో తడమకుండా అట్టముక్కతో వెతకాలి. సూదిమొనంత రంధ్రం నుంచి చిమ్మే ద్రవం చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు. అలా జరిగితే, గాయం ఎంత చిన్నదిగా కనిపించినా, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

విప్పిన ప్రతి గొట్టానికీ శుభ్రమైన మూత వెంటనే బిగించాలి. పాత ఓ-రింగును, అంటే ద్రవం కారకుండా ఆపే గుండ్రని సీలును, తిరిగి వాడరాదు.