మినీ ట్రాక్టర్‌కు సబ్సిడీ స్లాషర్: దరఖాస్తు కంటే ముందు టేపు తీయండి

కాయ కోతలు అయిపోయి నాలుగు వానలు పడ్డాయంటే మా చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం వైపు మామిడి తోటల్లో గడ్డి మోకాలు దాటుతుంది. గరిక, తుంగ, వయ్యారిభామ అన్నీ కలిసే లేస్తాయి. మట్టిని తిరగేసే రోటావేటర్ వేస్తే చెట్టు కింద పైపైన పాకిన పీచువేర్లు తెగుతాయి, వాలు నేలల్లో మెత్తబడిన మట్టి తరువాతి వానకే కొట్టుకుపోతుంది. అందుకని గడ్డిని కోసి అక్కడే పరిచేసే స్లాషర్ సబ్సిడీలో వస్తుందా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. వస్తుంది. కానీ ఆధార్ జిరాక్సులు పట్టుకుని రైతు సేవా కేంద్రానికి పరిగెత్తే ముందు ఇంట్లో చేసుకోవాల్సిన లెక్క ఒకటుంది. దరఖాస్తులో ఒకసారి మోడల్ ఎక్కాక, మన వాటా డబ్బు కట్టేశాక, సైజు తప్పిందని మార్చుకోవడం తలనొప్పి.

ముందు పథకం సంగతి. కేంద్రం 2014-15లో మొదలుపెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకాన్ని ఆఫీసుల్లో స్మామ్ అంటారు. సన్న, చిన్నకారు రైతులకు, ఎస్సీ, ఎస్టీలకు, మహిళా రైతులకు 50 శాతం, మిగతావాళ్లకు 40 శాతం రాయితీ. రెండున్నర ఎకరాల లోపుంటే సన్నకారు, ఐదెకరాల దాకా చిన్నకారు. అయితే ఈ శాతానికి పైన ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. ఉదాహరణకు పరికరం ధర 60 వేలు, పరిమితి 20 వేలు అనుకోండి. అప్పుడు వచ్చేది 20 వేలే, సగం కాదు. ఆ పరిమితి ట్రాక్టర్ హార్స్‌పవర్‌ను బట్టి మారుతుంది. 20 లోపు ఒక తరగతి, 20 నుంచి 35 దాకా ఒకటి, ఆపైన ఇంకొకటి. అంటే మీ ఆర్‌సీ పుస్తకంలో ఉన్న హార్స్‌పవరే రాయితీ లెక్కకూ, స్లాషర్ వెడల్పుకూ రెండింటికీ మూలం.

మొదటి పని: ట్రాక్టర్ ఎంత లాగుతుంది

ట్రాక్టర్ కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకంలో ఇంజిన్ హార్స్‌పవర్ వేరు, పీటీఓ హార్స్‌పవర్ వేరు. పీటీఓ అంటే ట్రాక్టర్ వెనక తిరిగే ఇరుసు, స్లాషర్‌ను తిప్పేది అదే. స్లాషర్‌కు కావాల్సింది రెండోది. అది మామూలుగా ఇంజిన్ బలంలో 85 శాతం దగ్గర ఉంటుంది. 24 హార్స్‌పవర్ బండికి పీటీఓ దగ్గర 20, 21 మిగులుతుంది. మందంగా పెరిగిన గడ్డిలో అడుగు వెడల్పుకు ఐదు హార్స్‌పవర్ చొప్పున వేసుకుంటే నాలుగు అడుగుల స్లాషర్ సరిపోతుంది. ఐదడుగులది కట్టినా ఖాళీ చేలో తిరుగుతుంది గానీ, అసలైన గడ్డిలోకి దిగగానే ఇంజిన్ గొంతు మారిపోతుంది. మా ఊళ్లో ఒకాయన దగ్గర ఐదడుగులది అడిగి తెచ్చి నేనే చూశాను. సగం ఎకరం లోపే సైలెన్సర్ నల్లటి పొగ కక్కింది. పైగా లిఫ్ట్ ఎత్తినప్పుడల్లా ముందు చక్రాలు తేలికైపోయి స్టీరింగ్ మాట వినలేదు.

ఇంకో వైపు నుంచి కూడా కొలవాలి. వెనక టైర్ల బయటి అంచు నుంచి బయటి అంచు దాకా టేపు పట్టండి. స్లాషర్ అంతకన్నా కాస్త వెడల్పు ఉండాలి. లేకపోతే టైరు తొక్కిన గడ్డి కోతకు దొరకదు, రెండో రోజుకు మళ్లీ నిటారుగా నిలబడి వెక్కిరిస్తుంది. ఈ రెండు కొలతలూ కలిసిన చోటే మీ సైజు.

తరువాత పీటీఓ వేగం. స్లాషర్ గేర్‌బాక్సు ఎక్కువగా నిమిషానికి 540 చుట్లకు చేసి ఉంటుంది. కొన్ని మినీ ట్రాక్టర్లలో రెండు వేగాలు ఉంటాయి. పొరపాటున రెండో దాంట్లో వేస్తే బ్లేడ్లు లెక్కకు మించి తిరుగుతాయి. డీలర్‌ను అడగాల్సిన ఇంకో మాట, స్లాషర్‌ను ట్రాక్టర్ లింకులకు తగిలించే పిన్నుల సైజు. చిన్న ట్రాక్టర్లకు వచ్చే మొదటి కేటగిరీలో కింది లింకు పిన్ను 22 మిల్లీమీటర్లు, టాప్ లింకుది 19. పెద్ద బండి పిన్నులున్న స్లాషర్ ఇచ్చి ‘సర్దుకుంటుందన్నా, ఏం కాదు’ అంటారు. వినకండి.

దరఖాస్తు

ఈ కొలతలు ఒక కాగితం మీద రాసుకుని మీ ఊరి రైతు సేవా కేంద్రానికి వెళ్లండి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి విడి జిల్లా అయింది కాబట్టి దామలచెరువు ఉన్న పాకాల మండలం వాళ్లు తిరుపతి జిల్లా కింద, బంగారుపాళ్యం వాళ్లు చిత్తూరు కింద వస్తారు. బంధువుల ఊరి కేంద్రంలో పని జరుగుతుందని అక్కడికి పోవద్దు, భూమి ఉన్న మండలంలోనే అడగాలి. తోట కాబట్టి ఉద్యాన సహాయకులను అడగాలా, యంత్రం కాబట్టి వ్యవసాయ సహాయకులనా అన్న అనుమానం మొదటే తీర్చుకోండి. పథకంలో ఆ ఏడాది స్లాషర్ ఉందా, మీ మండలానికి ఇంకా మిగిలి ఉన్నాయా అన్నది కూడా అక్కడే తెలుస్తుంది. నిధులు ఆర్థిక సంవత్సరం లెక్కన వస్తాయి, అయిపోతే అంతే. గడ్డి పెరిగాక కాకుండా ముందు నుంచే అడుగుతూ ఉండటం మేలు.

ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం లేదా భూమి రికార్డు 1బి, ఆధార్‌తో కలిపిన బ్యాంకు ఖాతా పుస్తకం, ట్రాక్టర్ ఆర్‌సీ, ఫొటో, ఎస్సీ, ఎస్టీలైతే కుల ధ్రువీకరణ పత్రం దగ్గర పెట్టుకోండి. ఆర్‌సీ తండ్రి పేరున, భూమి కొడుకు పేరున ఉండే ఇళ్లు మన దగ్గర ఎక్కువ. అలాంటిది ఉంటే దాచకుండా మొదటి రోజే చెప్పండి. పంటల వివరాలు ఎక్కించే ఈ-పంటలో మీ తోట నమోదై ఉందో లేదో కూడా ఒకసారి చూడమనండి.

ఆమోదం పొందిన కంపెనీలు, మోడళ్ల జాబితా నుంచే ఎంచుకోవాలి. ఆ మోడల్ పరీక్షా నివేదిక చూపించమని డీలర్‌ను అడగడానికి మొహమాటపడకండి. ఇలాంటి యంత్రాలను పరీక్షించే కేంద్ర సంస్థ మన రాయలసీమలోనే, అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. రైతు సేవా కేంద్రంలో వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించాక మండల వ్యవసాయాధికారి పరిశీలన, మంజూరు, ఆ తరువాత మన వాటా చెల్లింపు. మంజూరు కాకముందే డీలర్ చేతిలో డబ్బు పెట్టకండి. ఏది కట్టినా రసీదు తీసుకోండి. ఎక్కడైనా ఆగిపోతే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551లో తెలుగులోనే మాట్లాడొచ్చు.

స్లాషర్ దిగిన రోజు

స్లాషర్ ఇంటికొచ్చాక రైతుతో కలిపి ఫొటో తీస్తారు. ఫొటో సరే, అంతకంటే ముందు గేర్‌బాక్సు మూత తీసి నూనె ఉందో లేదో చూడండి. చాలావాటిని నూనె పోయకుండానే పంపుతారు. తొంభై నంబరు గేర్ ఆయిల్ లెవెల్ దాకా పోయించుకోండి.

పీటీఓను స్లాషర్‌కు కలిపే షాఫ్ట్‌లో ఒకదానిలో ఒకటి జారే రెండు గొట్టాలుంటాయి, దాని పొడవు మీ బండికి కుదరాలి. లిఫ్ట్‌ను పైనుంచి కిందికి మెల్లగా ఆడించి చూడండి. బాగా సాగిన చోట కూడా రెండు గొట్టాలు మూడో వంతు ఒకదానిలో ఒకటి ఉండాలి, బాగా ముడుచుకున్న చోట కనీసం అంగుళం ఖాళీ మిగలాలి. పొడవెక్కువైతే లోపలిదీ బయటిదీ సమానంగా కోయించాలి. ఇది చూడకుండా లిఫ్ట్ ఎత్తితే షాఫ్ట్ పోయి ట్రాక్టర్ పీటీఓనే గుద్దుతుంది. క్లచ్ తొక్కినా స్లాషర్ ఊపుకు బండి ముందుకు జరుగుతుంటే ఆ ఊపును ట్రాక్టర్‌కు చేరనివ్వని ఓవర్‌రన్ కప్లింగ్ అడగండి. చెట్ల మధ్య, కాలవ గట్టు పక్కన ఆ జరుగుడే ప్రమాదం.

తోటలోకి దిగే ముందు డ్రిప్ పైపులు ఎత్తి చెట్టు మొదట్లో చుట్టి పెట్టండి. గడ్డిలో దాగిన లేటరల్ పైపును స్లాషర్ నిమిషంలో నూలు పేలికలు చేస్తుంది. రాళ్లు తూటాల్లా లేస్తాయి, పిల్లలు, మేకలు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. బ్లేడ్లపై కప్పులా ఉండే డెక్ ముందు అంచు వెనకకన్నా అర అంగుళం కిందికి పెడితే కోత శుభ్రంగా వస్తుంది, ఇంజిన్‌పై భారం తగ్గుతుంది.

ఎనిమిది గంటల పనికొకసారి షాఫ్ట్ చివర్ల కీళ్లలో ఉండే క్రాసులకు గ్రీజు, రోజూ బ్లేడు బోల్టులు బిగింపు. బ్లేడును కత్తిలా నూరక్కర్లేదు, మొద్దుబారకుండా అంచు ఉంటే చాలు. రెండు బ్లేడ్లూ ఒకే బరువు ఉండాలి. ఒకటి విరిగితే జత మొత్తం మార్చాలి, లేదంటే డెక్ వణికి గేర్‌బాక్సు సీలు పోతుంది. డెక్ కింద చేయి పెట్టే ముందు ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, డెక్ కింద మొద్దులు పెట్టుకోవాలి.

బ్లేడు దేనికైనా తగిలినప్పుడు జారి షాఫ్ట్‌ను కాపాడే స్లిప్ క్లచ్ సంగతి నాకు నిరుడు తెలిసొచ్చింది. కోతల కాలమంతా స్లాషర్‌ను చెట్టు కింద వదిలేశాను. ప్లేట్లు తుప్పుతో అతుక్కుపోయాయి. మొదటి రోజే గడ్డిలో కనబడని మొద్దుకు తగిలి, జారాల్సిన క్లచ్ జారక క్రాసు రెండు ముక్కలైంది. ఇప్పుడు సీజన్ మొదట్లో స్ప్రింగుల నట్లు వదులు చేసి, ప్లేట్లు ఒక్కసారి జారనిచ్చి, మళ్లీ పాత కొలతకే బిగిస్తున్నాను. అరగంట పని.