విన్ రేషియోలో ఉమ్మడి కాలం: నా అనుభవం

గుండె వైఫల్యం ట్రయల్ డేటాలో, మొదటి ఘటన వరకు పట్టిన కాలాన్నే లెక్కించే కాక్స్ అనే గణాంక నమూనా, 20వ రోజున ఆసుపత్రిలో చేరి ఆరో నెలలో మరణించిన రోగిని కేవలం ఆసుపత్రి చేరికగానే చూపుతుండడంతో, గణాంకవేత్త పోకాక్ బృందం 2012లో ప్రతిపాదించిన విన్ రేషియోకు మారాను. చికిత్స పొందిన ప్రతి రోగినీ ఆ చికిత్స పొందని కంట్రోల్ వర్గంలోని ప్రతి రోగితో జతకట్టి, ముందు మరణాన్ని, అక్కడ తేలకపోతేనే ఆసుపత్రి చేరికను పోల్చి, చికిత్స పొందిన రోగి మెరుగ్గా ఉంటే గెలుపుగా, అధ్వానంగా ఉంటే ఓటమిగా లెక్కించి, గెలుపులను ఓటములతో భాగించడం ఈ పద్ధతి. అయినా ఫలితం పొసగలేదు. కొన్ని జతలను చేత్తో సరిచూస్తే, 12 నెలలే పరిశీలనలో ఉండి, ఆ తర్వాత ఏమైందో తెలియని రోగితో పోల్చేటప్పుడు, అవతలి రోగికి 20వ నెలలో సంభవించిన మరణాన్ని కూడా ప్రోగ్రాం ఓటమిగా రాస్తోందని తేలింది. పోలికను ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న కాలానికే పరిమితం చేశాక లెక్క కుదిరింది. సమంగా మిగిలిన జతలు రేషియోలోకి రావు కనుక వాటి శాతాన్ని విడిగా చూపాను. అది చూపని పట్టికను నేను నమ్మను.